గిగాహెర్ట్జ్ ఒక్కటే చూస్తే చాలదు

పిల్లల చదువు కోసం పాత డెస్క్‌టాప్ కొనాలనుకునే సహోద్యోగులు నన్ను తరచూ అడిగే ప్రశ్న "ఎన్ని గిగాహెర్ట్జ్ ఉండాలి?" అని. ఆ ఒక్క అంకె చూసి డబ్బు పెట్టవద్దంటాను. ఎందుకో ఇంటెల్ సంస్థవారి రెండు ప్రాసెసర్లను పోల్చి చూస్తే తెలుస్తుంది.

పెంటియం 4 ప్రాసెసర్ 2000 నవంబరులో వచ్చింది. అప్పటి వేగం 1.5 గిగాహెర్ట్జ్. అంటే లోపలి గడియారం సెకనుకు 150 కోట్ల సార్లు కొట్టుకుంటుంది. ఈ వేగం కోసం ఒక్కో ఆదేశాన్ని 20 చిన్న దశలుగా విడగొట్టారు. 2004 నాటి ప్రెస్కాట్ రకంలో దశలు 31 అయ్యాయి. వేగం 3.8 గిగాహెర్ట్జ్ దాకా పెరిగింది.

చిక్కు అక్కడే వచ్చింది. ప్రాసెసర్ తర్వాత చేయాల్సిన పనిని ముందుగా ఊహించి వరుసలోకి పంపుతుంది. ఒక వోచరు 31 బల్లలు దాటాలనుకోండి. చివరి బల్లల దగ్గరికి వచ్చాక ఊహ తప్పని తేలితే, దాని వెనక వస్తున్న వోచర్లన్నీ పక్కన పెట్టి మొదటి బల్ల నుంచి మళ్లీ మొదలుపెట్టాలి. వరుస ఎంత పొడవైతే అంత సమయం వృథా. పైగా వేడి ఎక్కువ: 3.8 గిగాహెర్ట్జ్ రకానికి నిర్ణయించిన పరిమితి 115 వాట్లు. 4 గిగాహెర్ట్జ్ రకాన్ని తెచ్చే ఆలోచనను ఇంటెల్ 2004లోనే విరమించుకుంది.

2006 జులైలో కోర్ 2 డుయో వచ్చింది. అందులో ఇ6600 రకం వేగం 2.4 గిగాహెర్ట్జ్ మాత్రమే. కానీ దశలు 14, కోర్లు రెండు, ఆ రెండూ పంచుకునే క్యాష్ మెమరీ 4 మెగాబైట్లు. వేడి పరిమితి 65 వాట్లు. గడియారం నెమ్మదిగా కొట్టుకున్నా ఒక్కో దెబ్బకు ఎక్కువ పని జరిగేది. అందుకే చాలా పనుల్లో పెంటియం 4ను దాటిపోయింది.

కాబట్టి కొనేముందు ప్రాసెసర్ పేరు, వచ్చిన సంవత్సరం, కోర్లు, క్యాష్ అడగండి. ఇంకొక్క మాట. ఈ రెండు ప్రాసెసర్లూ విండోస్ 11 అర్హతల జాబితాలో లేవు. విండోస్ 10కి మామూలు భద్రతా అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి. అలాంటి యంత్రం పిల్లల టైపింగు సాధనకు పనికొస్తుంది. అప్‌డేట్లు అందని కంప్యూటరులో మాత్రం నెట్ బ్యాంకింగ్ పాస్‌వర్డ్ కొట్టవద్దు. ఇంట్లో అందరికీ ఈ మాట చెప్పండి.