లెక్కకు అందనివారిని లెక్కించు వృత్తి

హైదరాబాదు అశోక్‌నగరు సందులలోని కోచింగు కేంద్రములందును, చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయపు పఠనశాలయందును, నారాయణగూడ హాస్టలు గదులయందును గ్రూప్స్ పరీక్షలకై ఏండ్ల తరబడి శ్రమించుచున్న యువతీయువకులకు జనాభా, అక్షరాస్యత, లింగనిష్పత్తి మున్నగువాని అంకెలన్నియు కంఠస్థములై యుండును. కాని ఆ అంకెలను పుట్టించువారెవరు, ఏ విధముగ పుట్టింతురు, వానియందు పొరపాటునకెంత తావున్నది అను ప్రశ్న వారిలో బహుకొద్దిమందికే తోచును. అట్లు తోచినవారికి తగిన వృత్తి యొకటి కలదు. హెచ్.ఐ.వి. ముప్పు అధికముగాగల వర్గముల సంఖ్యను అంచనా కట్టుట ఆ వృత్తిలో మిక్కిలి క్లిష్టమైన శాఖ.

జనగణనాధికారి తలుపు తట్టి యడిగినప్పుడు ఇంటిలో ఎందరున్నారో చెప్పుటకు ఎవరును సంకోచింపరు. లైంగిక వృత్తిలోనున్న స్త్రీలు, పురుషులతో లైంగిక సంబంధముగల పురుషులు, హిజ్రాలు, సూదితో మత్తుమందు ఎక్కించుకొనువారు మాత్రము పోలీసులకును, ఇరుగుపొరుగువారికిని, తరచుగా స్వకుటుంబమునకును వెరచి తమ సంగతి దాచుకొందురు. తెలుగునాట ఈ చిక్కు మరింత అధికము. ఏలయన ముంబయి కామాఠీపురావలె, కలకత్తా సోనాగాచీవలె లైంగిక వృత్తి ఇచ్చట ఒకే పేటలో గుమిగూడి యుండక, వీథులలోను, లాడ్జీలలోను, రహదారి ధాబాలవద్దను, ఇండ్లలోను, ఇటీవల సెల్‌ఫోనులోను చెదరియున్నది.

ఈ లెక్క ఎవరికి కావలెను?

జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ, అనగా నాకో, ఈ వర్గములకై నడుపు కార్యక్రమములను క్షేత్రమున పనిచేయువారు ‘టి.ఐ. (టార్గెటెడ్ ఇంటర్వెన్షన్) ప్రాజెక్టులు’ అందురు. 2007లో ఆరంభమైన మూడవ దశ జాతీయ కార్యక్రమమున లైంగిక వృత్తిలోని స్త్రీలకు సుమారు అరువదిమందికొక పీర్ ఎడ్యుకేటరు (ఆ వర్గమునకే చెందిన కార్యకర్త) చొప్పున నియమించు పద్ధతి ఏర్పడెను. కావున ఒక పట్టణమున ఇంతమంది కలరని వ్రాసిన అంకెనుబట్టియే కార్యకర్తల సంఖ్యయు, కండోముల సరఫరాయు, పరీక్షల లక్ష్యమును, బడ్జెటును నిర్ణయమగును. అంచనా అధికమైనచో లక్ష్యమును చేరలేని కార్యకర్త ఒకే మనిషిని రెండు పేర్లతో వ్రాయుటకు లోబడవచ్చును. తక్కువైనచో రిజిస్టరునకెక్కనివారు పరీక్షకును, మందునకును దూరమగుదురు.

గుంటూరు నేర్పిన పాఠము

ఒక అంచనా ఎంతగా దారితప్పగలదో తెలిసికొనుటకు దూరదేశముల ఉదాహరణములు వెదుకనక్కరలేదు. హైదరాబాదులోని అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీ పరిశోధకులు 2004–05లో గుంటూరు జిల్లా పల్లెలలోను, పట్టణములలోను ఇంటింటికి తిరిగి, 15–49 ఏండ్ల వయసువారిలో పన్నెండువేలమందికి పైగా రక్తనమూనాలు సేకరించి పరీక్షింపగా, హెచ్.ఐ.వి. వ్యాప్తి 1.72 శాతమని తేలెను. ఆస్పత్రులలోని గర్భిణుల నమూనాలు, సుఖవ్యాధుల క్లినిక్కుల నమూనాలు ఆధారముగ అప్పటివరకు వేయుచుండిన అధికారిక అంచనా దీనికి రెండున్నర రెట్లుండెను. ప్రైవేటు వైద్యులు అనుమానమున్న రోగులను ప్రభుత్వాస్పత్రులకు పంపుటయు, పేదలే అచ్చటికి అధికముగ పోవుటయు, క్లినిక్కుల లెక్కను అనవసరముగ కలుపుటయు ఈ వ్యత్యాసమునకు కారణములని వారు నిరూపించిరి. 2005–06 నాటి మూడవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఫలితములు కూడ చేరిన పిమ్మట, 2007లో భారతదేశపు హెచ్.ఐ.వి. బాధితుల అంచనా ఏబది లక్షలకు పైనుండి సుమారు ఇరువదియైదు లక్షలకు దిగెను.

ఐనను ఇంటింటి సర్వేయే సర్వరోగనివారిణి యని భ్రమపడరాదు. లాడ్జిలో నివసించు స్త్రీ, ఇల్లు విడిచివచ్చిన హిజ్రా అట్టి సర్వేకు చిక్కరు. వారికొరకు వేరు పద్ధతులు కావలసివచ్చెను.

పద్ధతుల స్వరూపము

మొదటిది మ్యాపింగు. స్థానికులతోను, ఆ వర్గమువారితోను మాటలాడి, వారు కలిసికొను తావులను, అనగా హాట్‌స్పాట్లను, గుర్తించి, ఒక్కొక్క తావున కనీసమెందరు, గరిష్ఠమెందరు వత్తురో నమోదు చేయుదురు. ఫోను ద్వారా పని జరుగు కాలమున ఇంతమాత్రము చాలదు గనుక, నాకో 2020 తరువాత జరిపిన దేశవ్యాప్త అంచనాలో హాట్‌స్పాట్లతోబాటు నెట్‌వర్కు ఆపరేటర్లను, అనగా ఫోను ద్వారా మనుషులను కలుపువారిని, గూడ లెక్కలోనికి తీసికొనిరి.

రెండవది రెండుమార్లు లెక్కించు పద్ధతి. పందొమ్మిదవ శతాబ్దాంతమున డెన్మార్క్ శాస్త్రజ్ఞుడు పీటర్సన్ చేపలకు గుర్తుకట్టి విడిచెను. ఆ పద్ధతి గణితమే ఇచ్చట పనిచేయును. ఒక పట్టణమున మొదటి వారము 400 మందికి ఒక విలక్షణమైన కీచైను పంచితిమనుకొందము. కొన్నాళ్లకు వేరొక బృందము 300 మందిని కలియగా వారిలో 60 మంది అది తమకు ముట్టినదనిరి. నాలుగువందలను మూడువందలచే హెచ్చించి అరువదిచే భాగించిన 2,000 వచ్చును. కాని రెండు బృందములను ఒకే మార్గదర్శకురాలు తన స్నేహితురాండ్రయొద్దకే తీసికొనిపోయి, కీచైను ముట్టినవారు వందమంది తేలినచో, సమాధానము 1,200కు పడిపోవును. సూత్రము మారలేదు, నడచిన దారి మారినది. ఈ రహస్యమును గ్రహించినవాడే ఈ వృత్తికి అర్హుడు.

మూడవది గుణక పద్ధతి. ఆరు నెలలలో ఒక క్లినిక్కునకు ఆ వర్గమువారు 450 మంది వచ్చిరని రిజిస్టరు చెప్పగా, ప్రత్యేకముగ జరిపిన సర్వేలో నూటికి ముప్పదిమంది తాము అచ్చటికి పోయితిమన్నచో, మొత్తము 1,500 అగును. ఒకే మనిషి రిజిస్టరులో రెండుసార్లెక్కినచో ఈ లెక్క ఉబ్బిపోవును. అందువలన అనుభవజ్ఞులు ఏ ఒక్క పద్ధతిని నమ్మక, రెండుమూడింటిని నడిపి, ఫలితములెందుకు భిన్నించెనో విచారింతురు.

చదువులు

గణాంకశాస్త్రముతో బి.ఎస్సీ. చదివినవారికి ఉస్మానియాలో ఎం.ఎస్సీ. స్టాటిస్టిక్స్, ముంబయిలోని ఇంటర్నేషనల్ ఇనిస్టిట్యూట్ ఫర్ పాపులేషన్ సైన్సెస్‌లో జనాభా అధ్యయనము సహజమార్గములు. వైద్య, నర్సింగు, ఫార్మసీ, సామాజికశాస్త్రముల పట్టభద్రులు ప్రజారోగ్యమున ఎం.పి.హెచ్. చేయవచ్చును; హైదరాబాదులోని ఇండియన్ ఇనిస్టిట్యూట్ ఆఫ్ పబ్లిక్ హెల్త్, హైదరాబాదు విశ్వవిద్యాలయము, చెన్నైలోని నేషనల్ ఇనిస్టిట్యూట్ ఆఫ్ ఎపిడెమియాలజీ ఇందుకు ప్రసిద్ధములు. క్షేత్రపరిశోధనయందు ఆసక్తిగలవారికి ఎం.ఎస్.డబ్ల్యు. తోడ్పడును. అర్హతలను, ప్రవేశపు గడువులను ఆయా సంస్థల ప్రకటనలలో చూచుకొనవలెను.

ఉద్యోగములు

రాష్ట్ర ఎయిడ్స్ నియంత్రణ సంస్థలు, భారత వైద్య పరిశోధన మండలి (ఐ.సి.ఎం.ఆర్.) ప్రాజెక్టులు, స్వచ్ఛంద సంస్థలు, పరిశోధన కేంద్రములు క్షేత్ర పరిశోధకులను, డేటా మేనేజర్లను, మానిటరింగు అధికారులను, ఎపిడెమియాలజిస్టులను నియమించును. వీనిలో అధికభాగము కాంట్రాక్టు ఉద్యోగములేయని మొదటనే తెలిసికొనుట మేలు. స్థిరత్వము కోరువారు యు.పి.ఎస్.సి. నిర్వహించు ఇండియన్ స్టాటిస్టికల్ సర్వీసు పరీక్షకును, స్టాఫ్ సెలక్షన్ కమిషనువారి జూనియర్ స్టాటిస్టికల్ ఆఫీసరు పదవికిని సిద్ధపడవచ్చును; నమూనా సర్వేల సిద్ధాంతము అచ్చటను, ఇచ్చటను ఒకటియే గనుక ఒకదానికై చదివినది రెండవదానికి వ్యర్థము గాదు.

నేడు చేయదగిన పని

నమూనా సేకరణ సిద్ధాంతమును ఒక ప్రామాణిక గ్రంథము నుండి ఆసాంతము చదువవలెను. ఉచితముగ లభించు ఆర్ గణాంక భాషను, క్యూజీఐఎస్ పటముల సాధనమును, క్షేత్రసమాచారము సేకరించు కోబో టూల్‌బాక్సును అభ్యసింపవలెను. తెలుగుతోబాటు ఉర్దూలో మాటలాడగలిగినవారికి హైదరాబాదున ప్రత్యేకమైన విలువ కలదు. అన్నిటికంటె ముఖ్యముగ, 2018 సెప్టెంబరు 10 నుండి అమలులోనున్న హెచ్.ఐ.వి., ఎయిడ్స్ చట్టమును చదివి, ఒకరి స్థితిని వారి సమ్మతిలేక వెల్లడించుటను అది ఎట్లు నిషేధించునో తెలిసికొనవలెను. హాట్‌స్పాటు పటము పోలీసుల చేతబడినచో, నిన్న నమ్మి దారిచూపినవారే రేపు తరుమబడుదురు. అటుపై ఆ ఊరిలో ఏ లెక్కయు సాగదు. కనుకనే పేర్లు, చిరునామాలు వ్రాయకుండుట, పటములకు తాళము వేయుట, ఆ వర్గమువారినే గణకులుగ నియమించుట ఈ వృత్తిలో ధర్మములు మాత్రమే గాక, గణితపు నిర్దుష్టతకు ఆధారములును అయియున్నవి.

పరీక్షాపత్రమున నాలుగు సమాధానములలో ఒక్కటే సరియైనది; ఈ వృత్తిలో అట్టి సౌకర్యము లేదు. ‘ఇంతమంది’ యని ఒక్క అంకె వ్రాసి చేతులు దులుపుకొనక, ‘ఇంతకు తక్కువ కాకపోవచ్చును, ఇంతకు మించకపోవచ్చును, కారణములివి’ యని వ్రాసి, ఆ పరిధిని అధికారి యెదుట నిలబడి సమర్థింపగల ధైర్యము ఎవరికున్నదో వారు ఈ మార్గమును నిస్సంకోచముగ ఎన్నుకొనవచ్చును.