మబ్బు రోజుల చేపల చెరువు – పెట్టుబడి ఎక్కడి నుంచి?

మబ్బు పడితే నాచుకు ఎండ అందదు, నీళ్లలో ఆక్సిజన్ పడిపోతుంది. వీడియోలో చూశారు కదా, తెల్లవారుజామున చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తున్నాయి. పిల్లను పలచగా వదలడం మొదటి మందు, దానికి అప్పు అక్కర్లేదండీ.

2018-19 బడ్జెట్ నుంచి చేపల రైతుకూ కిసాన్ క్రెడిట్ కార్డు ఉంది, కౌలుదారులూ అర్హులే. కానీ అది పిల్లకు, మేతకు పెట్టుబడి. ఏరేటర్లకు, గట్టు ఎత్తు పెంచడానికి టర్మ్ లోన్ విడిగా అడగాలి. చేప చచ్చినా అప్పు మిగులుతుంది, అందుకే నేను బీమాకే ఓటేస్తాను. 2024లో కేంద్రం ఆమోదించిన మత్స్య కిసాన్ సమృద్ధి సహ యోజనలో ప్రీమియంలో 40 శాతం, హెక్టారుకు 25 వేలు మించకుండా ప్రోత్సాహకం ఇస్తారు. నోటిమాట కౌలుతో బ్యాంకుకు వెళ్తే పని జరగదు. పిల్ల వదలకముందే కౌలు కాగితం రాయించుకోండి.