మంచినీటి చెరువు

ధవళేశ్వరము వద్ద సర్ ఆర్థర్ కాటన్ 1847లో ఆరంభించిన ఆనకట్ట 1852లో పూర్తియైనది. తరువాతి కాలమున దాని చేరువనే బారేజి వెలసినది. ఇచటినుండి బయలుదేరు కాలువలు పొలములకే గాక జనుల దాహమునకును ఆధారములు. సముద్రతీరపు గ్రామములలో పెక్కింట భూగర్భజలము ఉప్పన. బావి త్రవ్వినను ఆ నీరు నోట బెట్టరాదు. వేసవిలో మరమ్మతులకై కాలువలు కట్టివేయుదురు. అంతకు మున్నే ప్రతి గ్రామమును తన మంచినీటి చెరువును నింపుకొనవలెను.

ఆ కాలువలోనే ఎగువ ఊరివారు గేదెలను కడుగుదురు, బట్టలుతుకుదురు, చెత్త పారవేయుదురు. ఆ నీరే శివారు గ్రామపు చెరువును చేరును. ఎగువవారికి శివారువారి దాహము కనబడదు గదా!

మన పెద్దలు చిల్లగింజను అరగదీసి బురదనీటిని తేర్చెడివారు. పటికయు నట్లే మన్నును ముద్దగట్టించి అడుగునకు దింపును. అయినను తేటనీరెల్ల మంచినీరు కాదు. రోగక్రిములు కంటికి కనబడవు. తేరిన నీటిని ఇసుక తొట్టిలో మెల్లగా దిగనిచ్చినచో, ఇసుకపై కొన్ని దినములకు సన్నని జిగురుపొర యేర్పడును. అందలి సూక్ష్మజీవులు రోగక్రిములను చాలవరకు హరించును. ఈ పనికి నిప్పు వలదు, విద్యుత్తు వలదు.

దీని మహిమ 1892లో లోకమునకు తెలిసినది. జర్మనీలోని హాంబుర్గు నగరవాసులు ఎల్బె నది నీటిని వడపోయకయే త్రాగిరి. కలరా సోకి ఎనిమిదివేలమందికి పైగా మరణించిరి. దిగువనున్న ఆల్టోనా పట్టణము, హాంబుర్గు మురుగు కలిసిన ఆ నది నీటినే ఇసుకలో వడపోసి పంచినందున చాలవరకు తప్పించుకొనెను. రెండు పట్టణముల సరిహద్దు వీధిలో ఒక వైపు ఇండ్లలో కలరా, ఎదుటి ఇండ్లలో ఆరోగ్యము!

ఇక శక్తి లెక్క చూడవలెను. వేడి వృథా కాకున్నను, ఒక యూనిట్ విద్యుత్తుతో మరుగునది 12 లీటర్ల నీరు మాత్రమే. ఆ యూనిట్‌తోనే, సగము శక్తి పంపులో వృథాయైనను, 18,000 లీటర్లను 10 మీటర్ల యెత్తునకు తోడవచ్చును. ఊరి నీటినెల్ల మరగించుట యెంత భారమో దీనిచే తెలియును.

కరిగిన ఉప్పు మరియొక రకపు చిక్కు. పొలముల ఎరువులు, రొయ్యల చెరువుల లవణములు నీటిలో కరిగి ఇసుకగుండ జారిపోవును. మరగించినను అవి నీటియందే నిలుచును. వానిని తీయుటకు నీటిని గొప్ప ఒత్తిడితో సన్నని పొరగుండ నెట్టవలెను. సముద్రజలమును వేయి లీటర్ల మేర మంచినీరుగా మార్చుటకు నేటి మేలైన యంత్రములకును మూడు, నాలుగు యూనిట్లు పట్టును. ఉప్పు తక్కువయైనచో ఖర్చును తక్కువయే. కాని పోసిన నీటిలో కొంత భాగము ఉప్పునెల్ల మోసికొని వెలికి వచ్చును. గ్రామములలో డబ్బాలకు నీరు నింపు యంత్రశాల వెనుక నిలిచి చూచినచో ఆ గొట్టము కనబడును. అది చాలచోట్ల మురుగుకాలువలోనికే పోవును.