మానేయడం సగం పాఠమే: పడని తిండిని కనిపెట్టడం ఎలా?



పోయిన కార్తీక మాసంలో అన్నదానం వడ్డిస్తుంటే ఒక ఆంటీ నన్ను పక్కకు పిలిచారు. "బాబూ, సాంబారులో ఇంగువ వేశారా? మా అబ్బాయికి గోధుమ పడదు. ఇంగువలో గోధుమపిండి కలుపుతారటగా" అని అడిగారు. ఆవిడ చెప్పింది నిజమే, చాలా రకాల పొడి ఇంగువలో గోధుమపిండి ఉంటుంది. "డాక్టరుగారు పరీక్ష చేసి చెప్పారా ఆంటీ?" అన్నాను. "లేదు బాబూ, మానేశాక కడుపు తేలికగా ఉందన్నాడు. ఏడాదిగా ముట్టలేదు" అన్నారు.

ఆ మాట వినగానే నా కథే గుర్తొచ్చింది. నేను డాక్టరును కాను, సాఫ్ట్‌వేర్ ఇంజనీరుని. కానీ ఈ విషయంలో పొరపాటు చేసి, దిద్దుకున్నవాణ్ణి. మీలో ఎవరికైనా ఉపయోగపడుతుందని రాస్తున్నాను.

నేను చేసిన పొరపాటు

మూడేళ్ళ క్రితం నాకు తిన్న గంటకల్లా కడుపుబ్బరం, నొప్పి, ఒకరోజు విరేచనాలు, మరుసటి రోజు మలబద్ధకం. ముందు పాలు మానేశాను. కొంచెం నయమనిపించి గోధుమ మానేశాను. తర్వాత పప్పు, ఆపైన ఉల్లి, వెల్లుల్లి. ఎనిమిది నెలలకు నా కంచంలో అన్నం, సొరకాయ కూర, అరటిపండు మిగిలాయి. ఏడు కిలోలు తగ్గాను. రక్తపరీక్షలో బి12, ఐరన్ రెండూ తక్కువ. వీటన్నిటికంటే నన్ను ఎక్కువ భయపెట్టింది మా పాప. ఆరేళ్ళ పిల్ల కంచం పక్కకు నెట్టి, "నాకూ పప్పు పడదు నాన్నా" అంది.

అప్పుడు వెళ్ళిన డాక్టరు ఒకే ప్రశ్న అడిగారు: "మానేసినవి మళ్ళీ ఎప్పుడు తిని చూశారు?" నా దగ్గర జవాబు లేదు. ఆఫీసులో ప్రోగ్రాం ఆగిపోతే మేము ఐదు చోట్ల ఒకేసారి మార్చం. ఒకటి మారుస్తాం, ఫలితం చూస్తాం, రాసుకుంటాం, ఆ తర్వాతే రెండోదాని జోలికి వెళ్తాం. నా కడుపు విషయంలో మాత్రం ఆ బుద్ధి పనిచేయలేదు.

కడుపులో జరిగేదేమిటి?

కొన్ని రకాల పిండిపదార్థాలు, చక్కెరలు చిన్నప్రేగులో పూర్తిగా ఇంకవు. అవి నీటిని లాక్కుంటాయి. పెద్దప్రేగుకు చేరాక అక్కడి సూక్ష్మజీవులు వాటిని పులియబెడతాయి, గ్యాస్ పుడుతుంది. ఇది అందరిలోనూ జరిగేదే. ప్రేగులు సున్నితంగా ఉన్నవారికి, అంటే ఐబీఎస్ ఉన్నవారికి, అదే నొప్పిగా, ఉబ్బరంగా తెలుస్తుంది. ఆస్ట్రేలియాలోని మొనాష్ విశ్వవిద్యాలయ పరిశోధకులు పీటర్ గిబ్సన్, స్యూ షెపర్డ్ 2005లో వీటన్నిటికీ కలిపి 'ఫాడ్‌మ్యాప్' అని పేరు పెట్టారు. పాలలోని లాక్టోజ్, ఉల్లి, వెల్లుల్లి, గోధుమల్లోని ఫ్రక్టాన్లు, పప్పుదినుసుల్లోని గాలాక్టాన్లు, తేనె, మామిడిలోని అదనపు ఫ్రక్టోజ్, షుగర్‌ఫ్రీ చూయింగ్ గమ్‌లోని సార్బిటాల్ ఈ కోవలోవే.

ఇది విషం లాంటిది కాదు, బిందె నిండడం లాంటిది. పొద్దున కరక్ చాయ్, మధ్యాహ్నం ఖుబ్బూస్‌తో హమ్మస్, రాత్రి ఉల్లిపాయల గ్రేవీ. విడివిడిగా ఏదీ ఇబ్బంది పెట్టకపోవచ్చు, అన్నీ కలిస్తే బిందె పొర్లుతుంది. మనం మాత్రం చివర తిన్నదాన్ని తిడతాం.

ముందు డాక్టరు, ఆ తర్వాత పథ్యం

మలంలో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం, రక్తహీనత, జ్వరం, రాత్రి నిద్రలేపే విరేచనాలు, యాభై దాటాక కొత్తగా మొదలైన మార్పు, ఇంట్లో ఎవరికైనా ప్రేగు క్యాన్సర్ ఉండటం: వీటిలో ఏ ఒక్కటి ఉన్నా పథ్యంతో కాలం గడపకండి.

గోధుమ మానేయాలనుకుంటే ముందు సీలియాక్ జబ్బుకు రక్తపరీక్ష చేయించుకోండి. గోధుమ మానేసి ఉంటే ఈ పరీక్షలో జబ్బు బయటపడకపోవచ్చు. పరీక్షకు ముందు కనీసం ఆరు వారాలు, రోజుకు ఒక పూట కంటే ఎక్కువే గోధుమ తింటూ ఉండాలి. ఆ ఆంటీగారి అబ్బాయికి ఉన్న చిక్కు ఇదే. సీలియాక్ అయితే జీవితాంతం చిటికెడు గోధుమ కూడా తగలకూడదు. కాకపోతే రెండు చపాతీలు హాయిగా తినవచ్చు. ఈ రెండింటికీ ఎంత తేడా!

తిన్న కాసేపటికే దద్దుర్లు, పెదవుల వాపు, ఆయాసం వస్తే అది అలర్జీ. దాన్ని ఇంట్లో తిని పరీక్షించకూడదు. ఆయాసం వస్తే వెంటనే 998కి ఫోన్ చేసి అంబులెన్స్ పిలవాలి. పిల్లలకు, గర్భిణులకు డైటీషియన్ సలహా లేకుండా ఈ పథ్యం పెట్టవద్దు.

మూడు మెట్లు

మొదటి మెట్టు, ఆపడం. అనుమానం ఉన్నవాటిని రెండు నుంచి ఆరు వారాలు మాత్రమే ఆపాలి. ఏం తిన్నారు, ఎంత తిన్నారు, ఎప్పుడు నొప్పి వచ్చింది, ఆ రోజు నిద్ర ఎలా ఉంది, ఆఫీసు ఒత్తిడి ఎంత: అన్నీ రాసుకోండి. ఆరు వారాలకూ మార్పు లేకపోతే ఈ పథ్యం మీకు పనికిరాదని అర్థం. మామూలు భోజనానికి వచ్చేయండి.

రెండో మెట్టు, మళ్ళీ తినడం. అసలు పాఠం ఇదే. మిగతా పథ్యం అలాగే ఉంచి ఒక్కదాన్ని పరీక్షించండి. సోమవారం పావు గ్లాసు పాలు, మంగళవారం అర గ్లాసు, బుధవారం గ్లాసు. ఇబ్బంది వస్తే అక్కడే ఆపండి. రెండు మూడు రోజులు విరామం ఇచ్చి కడుపు కుదుటపడ్డాక గోధుమ, తర్వాత ఉల్లి, వెల్లుల్లి, పప్పు, ఒకదాని తర్వాత ఒకటి.

మూడో మెట్టు, మీ కొలత మీరు తెలుసుకోవడం. నాకు తేలింది ఇది: గ్లాసు పాలు పడవు, గిన్నెడు పెరుగు పడుతుంది. రెండు చపాతీలు పర్వాలేదు, నాలుగు తింటే బాధే. పప్పు ఒక గరిటె హాయి. పచ్చి ఉల్లిపాయ, వెల్లుల్లి మాత్రం పడవు. ఎనిమిది నెలలు మానేసినవాటిలో చాలావరకు నా శత్రువులే కావు.

మధ్వ సంప్రదాయం పాటించే ఇళ్ళలో చాతుర్మాస్యం తెలిసే ఉంటుంది. మొదటి నెల కూరలు, రెండో నెల పెరుగు, మూడో నెల పాలు, నాలుగో నెల పప్పుదినుసులు వదులుతారు. ఆ వ్రతం భగవంతుడి కోసం, కడుపునొప్పి కోసం కాదు. అయినా అందులోని క్రమం చూడండి. ఒక్కో నెల ఒక్కటే విడుస్తారు, దానికి గడువుంటుంది, గడువు తీరగానే అది కంచంలోకి తిరిగి వస్తుంది. నా పథ్యానికి లేనిది ఆ గడువే.

శాకాహారులకు ఇది మరీ ముఖ్యం. పాలు, పప్పు, గోధుమ మూడూ ఏళ్ళ తరబడి మానేస్తే మాంసకృత్తులు, కాల్షియం ఎక్కడినుంచి వస్తాయి?

వంటింట్లో కొన్ని ఉపాయాలు

వెల్లుల్లి రుచి కావాలంటే రెబ్బలను నూనెలో వేయించి తీసేయండి. ఫ్రక్టాన్లు నూనెలో కరగవు, రుచి మాత్రం దిగుతుంది. శనగలు, రాజ్మా రాత్రంతా నానబెట్టి ఆ నీళ్ళు పారబోయండి. పాలు పడనివారిలో చాలామందికి పెరుగు, మజ్జిగ, ఇక్కడి లబన్ పడతాయి, పులియడంలో లాక్టోజ్ కొంత తగ్గుతుంది కాబట్టి. ప్యాకెట్ కొనేముందు దాని మీద పదార్థాల జాబితా చదవండి, ముఖ్యంగా ఇంగువ డబ్బా మీద.

ప్రసాదం సంగతి

ఆ ఎనిమిది నెలలూ నేను దద్ధ్యోజనం వద్దని చేయి వెనక్కి తీసుకుంటే మా అమ్మ ముఖం చిన్నబుచ్చుకునేది. ఇప్పుడు నాకు తెలుసు, చెంచాడు ప్రసాదంతో నా బిందె పొర్లదు. అలర్జీ, సీలియాక్ ఉన్నవారు మాత్రం మొహమాటపడకండి. పులిహోరలో వేరుశనగ ఉందా, చక్కెర పొంగలిలో జీడిపప్పు వేశారా అని వడ్డించే మమ్మల్ని అడగండి. పడనిదైతే కళ్ళకద్దుకుని ఇంట్లోవారికి ఇవ్వండి.

ఆంటీగారి అబ్బాయి డాక్టరును కలిసి, ఆయన చెప్పినట్టు మళ్ళీ గోధుమ తింటున్నాడని, ఆ తర్వాత పరీక్ష ఉందని మొన్న చెప్పారు. ఫలితం ఏదైనా, ఇక ఊహ మీద బతకనక్కరలేదు. మా పాప కూడా ఇప్పుడు పప్పన్నం తింటోంది, నేను పక్కన కూర్చుని తింటున్నాను కాబట్టి.

మీ ఇంట్లో ఎవరైనా ఏదైనా మానేసి ఉంటే ఈ వారం ఒక్క ప్రశ్న అడగండి: "మళ్ళీ ఎప్పుడు తిని చూస్తావు?"

అందరికీ ఆ స్వామి ఆరోగ్యం ప్రసాదించాలని కోరుకుంటూ,
మీ ఆలయ సేవకుడు