తాతకు బీడీ కట్ట ఎవరు తెచ్చారు?

సాయంత్రం అయింది. తాత అరుగు మీద కూర్చున్నాడు. మనవణ్ణి పిలిచాడు.

"ఒరే అబ్బాయ్! కొట్టుకెళ్లి బీడీ కట్ట పట్టుకురా. మిగిలిన చిల్లరతో చాక్లెట్ కొనుక్కో."

పిల్లవాడు పరుగెత్తాడు. కొట్టాయన కట్ట తీసి ఇచ్చాడు. వయసు అడగలేదు. తాతకే కదా అనుకున్నాడు.

అక్కలారా, ఇలా ప్రతి ఊళ్లోనూ జరుగుతుంది. ఒకరోజు ఆ పిల్లవాడే ఒక బీడీ తీసి జేబులో దాచుకుంటాడు. అమ్మ అడిగితే చెబుతాడా? చెప్పడు. దెబ్బలు పడతాయని భయం.

2019లో మన దేశమంతటా ఒక సర్వే జరిగింది. 987 బళ్లలో పిల్లలకు ప్రశ్నల కాగితాలు ఇచ్చారు. పేరు రాయనక్కర లేదన్నారు. అందుకే పిల్లలు ఉన్నది ఉన్నట్టు రాశారు.

13 నుంచి 15 ఏళ్ల పిల్లల్లో నూటికి 8 మందికి పైగా పొగాకు వాడుతున్నారని తేలింది. 2009లో 14 మందికి పైగా ఉండేవారు. తగ్గింది. సంతోషమే. కానీ ఇంకో లెక్క వినండి. బీడీ తాగిన పిల్లలు 100 మంది ఉంటే, వాళ్లలో 47 మంది పదేళ్లు నిండకముందే మొదలుపెట్టారు. ఖైనీ, గుట్కా లాంటివి నమిలినవాళ్లలో అయితే 52 మంది.

పదేళ్లంటే ఐదో తరగతి. హైస్కూలుకు వెళ్లాక చెబుదాంలే అనుకుంటాం. అప్పటికే ఆలస్యం అయిపోతుంది.

ఈ సర్వేలో బడి పిల్లలనే అడిగారు. మేకల వెంట, పత్తి చేలల్లో తిరిగే పిల్లలు ఈ లెక్కలో లేరు. వాళ్లను మనమే కనిపెట్టుకోవాలి.

2003లో చట్టం వచ్చింది. 18 ఏళ్లు నిండనివాళ్లకు పొగాకు అమ్మకూడదు. తాత కోసమన్నా అమ్మకూడదు. బడికి 100 గజాల లోపల అసలే అమ్మకూడదు. ఆ దూరం కొలవడానికి టేపు లేదా? ఆరు గజాల చీర ఉంది కదా! బడి గోడ నుంచి 17 సార్లు పరిచి చూడండి. ఆ లోపల ఎన్ని కొట్లు ఉన్నాయో నోటు పుస్తకంలో రాయండి. ఏ కొట్లో పిల్లలకు అమ్ముతున్నారో అదీ రాయండి. ఇది మన సర్వే. గ్రామసభలో చదివి వినిపించండి.

కొట్టాయన మనకు అప్పిచ్చేవాడే. ఒక్కరే వెళ్లి అడిగితే రేపు ఉప్పు కూడా అరువివ్వడు. పదిమంది కలిసి వెళ్లండి.

మాట్లాడుకుందాం:
మీ ఇంట్లో బీడీలు, చుట్టలు ఎవరు తెస్తారు?
తాతతో ఈ మాట ఎవరు చెబితే వింటాడు?