వేషం కుట్టే చేతికి వేదికలెన్నో

వార్షికోత్సవం తేదీ ఖరారైందంటే చాలా బడుల్లో ముందు వెళ్లే ఫోను డ్రెస్సులు అద్దెకిచ్చే దుకాణానికే. అక్కడ ఏ సైజులుంటే పిల్లలకు అవే గతి. జారే నడుముకు ఓ పిన్నీసు, నేలమీద ఈడ్చే అంచుకు గబగబా నాలుగు టాకాలు. అలా కాకుండా డ్రామా టీచరు, కుట్టు వచ్చిన ఒకరిద్దరు తల్లులు, ఆసక్తి ఉన్న తొమ్మిదో తరగతి పిల్లలు కలిసి వేషాలన్నీ సొంతంగా తయారుచేస్తే, ఆ పిల్లలకు ఓ వృత్తి పరిచయమైపోతుంది. సినిమాకైనా, నాటకానికైనా, సీరియల్‌కైనా కాస్ట్యూమ్ డిజైనర్ చేసే పని ఇదే. మారేది స్థాయి, బడ్జెట్ మాత్రమే.

బొమ్మలు బాగా వేస్తే చాలని చాలామంది అనుకుంటారు. బొమ్మతో పాటు కథ అర్థం చేసుకోవడం, ఖర్చు లెక్క వేయడం, కత్తెర పట్టడం, ప్రదర్శన రోజు తెర వెనక సూదీదారంతో సిద్ధంగా ఉండటం కూడా రావాలి.

పట్టికతో మొదలు

గుడ్డ కొనడానికి ముందు స్క్రిప్టు చదవాలి. ఒకవైపు పాత్రల పేర్లు, మరోవైపు సన్నివేశాలు రాసి పట్టిక గీస్తే ఎవరు ఎప్పుడు ఏం వేసుకుంటారో, వేషం మార్చుకోవడానికి ఎన్ని నిమిషాలు దొరుకుతాయో తేలిపోతుంది. బడి పిల్లల కోసం కుదించిన రూపంలోనూ దొరికే ‘ది లయన్ కింగ్’ సంగీత నాటకాన్నే తీసుకుంటే, సింబా పాత్రను చిన్నప్పుడు ఒకరు, పెద్దయ్యాక మరొకరు వేస్తారు. ఇద్దరూ ఒకరేనని చివరి వరుసలో కూర్చున్న తాతగారికీ తెలియాలి. రంగో, మెడలోని పూసల వరసో ఇద్దరికీ ఒకటే ఉండాలన్న ఆలోచన ఈ పట్టిక దగ్గరే పుడుతుంది.

1997లో బ్రాడ్‌వేలో ఈ నాటకానికి దర్శకత్వం వహించిన జూలీ టేమర్ కాస్ట్యూమ్స్ కూడా తానే రూపొందించారు. 1998లో రెండింటికీ టోనీ అవార్డులు అందుకున్నారు. ముఫాసా, స్కార్ పాత్రలకు ఆమె సింహం మాస్కును నటుడి ముఖానికి తొడగకుండా తలపైన కిరీటంలా నిలిపారు. ప్రేక్షకుడికి మనిషీ కనిపిస్తాడు, మృగరాజూ కనిపిస్తాడు. బడి వేదికకు ఈ పద్ధతి బాగా పనికొస్తుంది. ముఖమంతా మూసేస్తే పాడే పిల్లవాడి గొంతు బయటికి రాదు, ముందున్న మెట్టూ కనపడదు.

కొలతలు, కుట్లు, లైట్లు

నవంబరులో కొలతలు తీసుకుంటే ఫిబ్రవరికి పిల్లలు పొడుగవుతారు. అందుకే పక్క కుట్లలోనూ, కింది మడతలోనూ గుడ్డ ఎక్కువ వదలాలి. ఛాతీ, నడుము, భుజం కొలిచాక పిల్లల్ని చేతులెత్తమనాలి, కూర్చోమనాలి, గెంతమనాలి. నాట్యం చేసే పాత్రకు చంక దగ్గర అదనపు ముక్క వేయకపోతే మొదటి పాటకే చిరుగుతుంది. ఖరీదైన గుడ్డ మీద కత్తెర పెట్టేముందు కోరా గుడ్డతో ఒకసారి కుట్టి చూడటం వృత్తిలో ఉన్నవారు కూడా పాటించే పద్ధతి.

వేషం క్షణాల్లో మార్చాల్సి వస్తే కాజాలు, గుండీలతో కుదరదు. గుండీలను అలంకారానికి పైన కుట్టేసి, వాటి కింద వెల్క్రో పెడతారు. అయితే వెల్క్రో ఊడదీస్తే చర్రుమంటుంది. మైకు దగ్గరుంటే ఆ చప్పుడు హాలంతా వినిపిస్తుంది. నిశ్శబ్దంగా సాగే సన్నివేశాల్లో మార్పులకు ప్రెస్ బటన్లు, పెద్ద హుక్కులే మేలు. కాలర్ మైకు వాడితే దాని డబ్బాకు నడుము వెనక చిన్న జేబు కూడా కుట్టాలి.

రంగుల సంగతి మరీ చిత్రం. పగటి వెలుగులో నిగనిగలాడే ఎర్ర లంగా ఆకుపచ్చ లైటు కింద నల్లగా కనిపిస్తుంది. కొనేముందే గుడ్డ ముక్కను వేదిక లైట్ల కింద పెట్టి చూసుకుంటే డబ్బు మిగులుతుంది.

పొదుపు కూడా డిజైనర్ పనే. బృందగానం పిల్లలందరికీ ఒకే రకం కుర్తా, పైజామా కుట్టించి, సన్నివేశానికో కండువా, తలపాగా, నడుం పట్టీ మారిస్తే సరిపోతుంది. పాత పట్టుచీరల జరీ అంచులు రాజుల వేషాలకు పనికొస్తాయి. కొత్త గుడ్డ కావాలంటే సికింద్రాబాద్ జనరల్ బజార్, విజయవాడ వస్త్రలత లాంటి చోట్ల తిరిగి ధరలు పోల్చుకోవాలి. దీపాలు, దివిటీలు ఉండే సన్నివేశంలో నైలాన్ నెట్ జోలికి పోకూడదు. నిప్పు తగిలితే కరిగి ఒంటికి అంటుకుంటుంది.

ఎక్కడ చదవాలి?

హైదరాబాద్ మాదాపూర్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫ్యాషన్ టెక్నాలజీ (నిఫ్ట్) క్యాంపస్ 1995 నుంచి నడుస్తోంది. ఇంటర్ ఏ గ్రూపు చదివినా నాలుగేళ్ల బీ.డిజైన్‌కు పోటీపడవచ్చు. ప్రవేశ పరీక్షలో బొమ్మలతో పాటు, ఇచ్చిన వస్తువులతో నమూనా తయారుచేసే సిచ్యుయేషన్ టెస్ట్ ఉంటుంది. అట్టముక్కతో కిరీటం చేసిన అనుభవం అక్కడ అక్కరకొస్తుంది. నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ (ఎన్‌ఐడీ) ఆంధ్రప్రదేశ్‌లో టెక్స్‌టైల్, అపారెల్ డిజైన్ విభాగం ఉంది. నాటకమే ప్రాణం అనుకునేవారు డిగ్రీ తర్వాత ఢిల్లీలోని నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామా (ఎన్ఎస్‌డీ) మూడేళ్ల కోర్సుకు ప్రయత్నించవచ్చు. దానికి రంగస్థల అనుభవం కూడా అడుగుతారు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో థియేటర్ ఆర్ట్స్ పీజీ ఉంది. త్వరగా సంపాదనలో పడాలనుకుంటే ఐటీఐలో ఏడాది కుట్టు కోర్సులున్నాయి.

అవకాశాలు ఎలా ఉంటాయి?

ముంబయి జేజే స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో చదివి, పత్రికలకు ఫ్యాషన్ బొమ్మలు గీసిన భాను అథైయా ‘గాంధీ’ చిత్రానికి జాన్ మోలోతో కలిసి ఆస్కార్ అందుకున్నారు. ఆస్కార్ గెలిచిన తొలి భారతీయురాలు ఆమే. ఎన్ఎస్‌డీలో చదివిన డాలీ అహ్లూవాలియా నాటకాల నుంచి సినిమాకు వెళ్లి ‘బాండిట్ క్వీన్’, ‘హైదర్’ చిత్రాల దుస్తులకు జాతీయ అవార్డులు పొందారు. మద్రాసులో తెలుగు సినిమాలకు దుస్తులు కుట్టిన కృష్ణ ఆ పనినే ఇంటిపేరుగా చేసుకుని, ‘కాస్ట్యూమ్స్ కృష్ణ’గా నటుడు, నిర్మాత అయ్యారు.

కొత్తవారికి దొరికేది సాధారణంగా సహాయకుడి పనే. షూటింగులో నిన్నటి చొక్కా మీద మరక ఎక్కడుందో, చేయి ఎంతవరకు మడిచారో ఫొటో తీసి, ఈరోజూ అలాగే ఉండేలా చూసుకోవాలి. దీన్నే కంటిన్యుటీ అంటారు. జీతం నెలనెలా కాకుండా ప్రాజెక్టు లెక్కన రావడం ఈ రంగంలో మామూలే. కాబట్టి మొదటి రెండు మూడేళ్లు నృత్య బృందాలు, బడులు, అద్దె దుకాణాల పనులు కూడా పట్టుకోవడం మంచిది.

చేసిన ప్రతి పనికీ పోర్ట్‌ఫోలియోలో చోటివ్వాలి. స్క్రిప్టు పట్టిక, తొలి స్కెచ్, గుడ్డ ముక్కలు, కోరా గుడ్డతో చూసిన ట్రయల్, లైట్ల కింద తీసిన ఫొటో, ఖర్చు లెక్క వరుసగా ఉండాలి. బృందంగా చేసిన పనైతే ఎవరు ఏం చేశారో స్పష్టంగా రాయాలి. పిల్లల ఫొటోలు పెట్టేముందు తల్లిదండ్రుల అనుమతి తీసుకోవాలి. నిఫ్ట్ పరీక్ష ఇటీవల ఫిబ్రవరిలో జరుగుతోంది. వార్షికోత్సవాలూ అప్పుడే వస్తాయి గనుక ఇంటర్ రెండో ఏడాది విద్యార్థులు వేషాల పనిని డిసెంబరు లోపే ముగించుకోవడం మేలు.