ఈసీజీలోంచి ఊపిరిని తీసేయడం ఎలా?

హై-పాస్ ఫిల్టర్ గురించి క్లాసులో ఒక్క ముక్కలో చెప్పేస్తారు: తక్కువ ఫ్రీక్వెన్సీలను ఆపి, ఎక్కువవాటిని పోనిస్తుంది. చిక్కంతా "తక్కువ" అంటే ఎంత అన్న దగ్గరే. ఈసీజీతో చూద్దాం, ఎందుకంటే అక్కడ ఆ అంకె తప్పితే గుండెపోటు లేనివాళ్లకు ఉన్నట్టు, ఉన్నవాళ్లకు లేనట్టు కనిపించొచ్చు.

ఈసీజీ తీసేటప్పుడు మనిషి ఊపిరి తీస్తూనే ఉంటాడు కదా. ఛాతీ కదిలినప్పుడల్లా గీత మొత్తం మెల్లగా పైకీ కిందకీ ఊగుతుంది. నిమిషానికి 15 సార్లు ఊపిరి తీస్తే అది 0.25 హెర్ట్జ్. గుండె 72 సార్లు కొట్టుకుంటే 1.2 హెర్ట్జ్. మధ్యలో బోలెడు ఖాళీ ఉంది, 0.5 దగ్గర కోసేస్తే పోలా?

కోద్దాం. సెకనుకు 500 శాంపిల్స్ చొప్పున 10 సెకన్లకు 5000 అంకెలు. ఎఫ్‌ఎఫ్‌టీ చేస్తే 5000 గడులు వస్తాయి. గడికీ గడికీ తేడా 500/5000, అంటే 0.1 హెర్ట్జ్. 0 నుంచి 4 దాకా గడులను సున్నా చేసి ఇన్వర్స్ ఎఫ్‌ఎఫ్‌టీ చేయాలి. చివర్లో ఉన్న 4996 నుంచి 4999 గడులు మొదటి నాలుగింటికి అద్దంలో బొమ్మల్లాంటివి, వాటినీ సున్నా చేయాలి. లేదంటే తిరిగొచ్చే సిగ్నల్‌లో ఇమాజినరీ భాగం తగులుతుంది.

ఊపిరి పూర్తిగా పోయిందా? పోలేదు. 0.25 సరిగ్గా రెండో గడికీ మూడో గడికీ మధ్యలో పడింది. దాని శక్తి చుట్టుపక్కల గడుల్లోకి కూడా కారుతుంది, కొంచెం మిగిలిపోతుంది. పైగా ఇలా కత్తితో కోసినట్టు కోస్తే సిగ్నల్‌లో లేని అలలు కొత్తగా పుడతాయి. అందుకే గడులను సున్నాతోనో ఒకటితోనో కాకుండా, మెల్లగా పెరిగే అంకెలతో గుణిస్తారు. బటర్‌వర్త్ వంపు తీసుకుంటే కటాఫ్ దగ్గర ఆ అంకె 0.707.

ఇక అసలు సంగతి. గుండె కొట్టుకున్న ప్రతిసారీ నిటారుగా లేచే ముల్లు తర్వాత కాస్త చదునుగా ఉండే చోటును ఎస్‌టీ భాగం అంటారు. ఒక రకం గుండెపోటులో అది పైకి లేస్తుంది. చదునుగా ఉన్నది మెల్లగా మారేదే కదా, కాబట్టి దాని సమాచారం చాలావరకు తక్కువ ఫ్రీక్వెన్సీల్లోనే ఉంటుంది. మామూలు ఫిల్టర్ కటాఫ్ దగ్గర ఫేజ్‌ను కూడా కదిలిస్తుంది, దాంతో ఎస్‌టీ ఉన్నచోట ఉండదు. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2007 సిఫార్సుల్లో కటాఫ్ 0.05 హెర్ట్జ్ మాత్రమే. ఫేజ్ చెదరని డిజిటల్ ఫిల్టరైతే 0.67 దాకా పోవచ్చన్నారు. 0.67 అంటే నిమిషానికి దాదాపు 40.

మనం చేసిన పద్ధతిలో గడులను మామూలు పాజిటివ్ అంకెలతోనే గుణించాం కాబట్టి ఫేజ్ కదల్లేదు. కానీ దానికి 10 సెకన్ల రికార్డు మొత్తం ముందే చేతిలో ఉండాలి. మంచం పక్కన మానిటర్‌కి అంత తీరిక లేదు, వచ్చిన శాంపిల్‌ను వచ్చినట్టే చూపించాలి. మానిటర్ మోడ్‌లో 0.5 హెర్ట్జ్ పెట్టడం మామూలే, గీత నిలకడగా ఉంటుంది కాబట్టి. ఆ తెర మీద ఎస్‌టీ తేడాగా కనిపిస్తే, డాక్టర్లు 12 లీడ్ల ఈసీజీ విడిగా తీయించి చూస్తారు.